షోలాపూరు మగ్గము – నాన్నజ్ పచ్చికబయలు

పందొమ్మిదవ శతాబ్దమున తెలంగాణ గ్రామములనుండి షోలాపూరునకు వలసవచ్చిన పద్మశాలీలు సాఖర్ పేట మొదలగు పేటలలో మగ్గములు నెలకొల్పిరి. పలువురి విషయమున మగ్గము సాలెవానిదైనను నూలు సాహుకారుదే. నూలు అప్పుగా నిచ్చినవాడే ఏ చీర నేయవలెనో, ఎంత కూలి యీయవలెనో నిర్ణయించెడివాడు.

1896–97 నాటి కరవులో ఆ చీరలను కొనువారును కరవైరి. రాళ్లు కొట్టు పనిలో పెట్టినచో సాలెల చేతి నేర్పు చెడునని గ్రహించి, నేతపనినే వారికి సహాయముగా కల్పించిరి. అంగడి విడిచిన వృత్తిని నాడు ప్రజాధనము ఆదుకొన్నది.

నేడు ప్రకృతి రక్షణకు ధనము సమకూర్చుటలోను ఇట్టి ప్రశ్నయే ఎదురగుచున్నది. షోలాపూరునకు ఉత్తరమున నాన్నజ్ పచ్చికబయళ్లు కలవు. బట్టమేకపక్షి రక్షణకై 1979లో ఈ ప్రాంతమున 8,496 చదరపు కిలోమీటర్ల అభయారణ్యము ఏర్పడెను. ఊళ్లును పొలములును అందు చేరియుండుటచే తరువాత దానిని 1,222 చదరపు కిలోమీటర్లకు కుదించిరి. ఆంధ్రదేశమున రోళ్లపాడు అభయారణ్యమును ఈ పక్షికొరకు ఏర్పడినదే. ఈ పక్షి చెట్లపై గూడు కట్టదు. బయలునేలపై సాధారణముగా ఒకే గ్రుడ్డు పెట్టును. నాన్నజ్‌లో ఇప్పుడది కనబడుట మిక్కిలి అరుదు.

ఒకచోట నరికిన అడవికి వెలకట్టి, ఆ ధనముతో వేరొకచోట చెట్లు పెంచు పద్ధతికి 2016 నాటి చట్టము నిధి నేర్పరచెను. 2023లో హరిత క్రెడిట్ నియమములు మార్కెట్ పద్ధతిగా వెలువడెను. 2024 నాటి విధానము చెట్టుకొక క్రెడిట్ చొప్పున, హెక్టారునకు కనీసము 1,100 చెట్లను నిర్దేశించెను. పొదనేలలును బంజరులును అందుకు పనికివచ్చునని చెప్పెను. 2025లో దానిని సవరించి, అయిదేండ్ల పెంపకమును 40 శాతము చెట్ల కప్పును కోరిరి. నాటి మరచు దోషము దీనిచే తగ్గవచ్చును. కాని లెక్కకు వచ్చునది చెట్టే, పచ్చిక కాదు. రెవెన్యూ లెక్కలలో తరచు బంజరుగా వ్రాయబడిన పచ్చికబయలు, చెట్లు నాటదగిన ఖాళీస్థలముగా కనబడును. అభయారణ్యముల వెలుపలి బయళ్లకు ఇదియే ముప్పు.

సర్కారు ధనమొక్కటియే చాలదను వాదము త్రోసివేయదగినది కాదు. కాని నూలు పెట్టినవాడు చీరను నిర్ణయించినట్లు, ధనము పెట్టినవాడు నేల స్వరూపమును నిర్ణయింపరాదు. తప్పిన చీరను మరల నేయవచ్చును. చెట్లక్రింద మరుగుపడిన పచ్చికబయలును మరల తెచ్చుట అంత సులభము కాదు. అంగడిలో వెలలేని యీ నేలలకు కరవునాటి మగ్గములకువలెనే ప్రజాధనము అండగా నిలువవలెను. అచట పశువులను మేపుకొను గ్రామస్థుల మాటయు చెల్లవలెను.