యేసు సహోదరుడు యాకోబు: చరిత్రలో దొరికే ఒక యూదుడు



"యేసు అనేవాడే లేడు, అంతా కథ" అని ఒకరు, "అది తెల్లోళ్ళ మతం" అని ఇంకొకరు. మన గూడేల్లో చర్చికి పోయేవాళ్ళకీ, పోనివాళ్ళకీ ఈ మాటల మీదే గొడవ. నమ్మకం ఎవరిష్టం వాళ్ళది. చరిత్ర మాత్రం చూద్దాం. దానికి యాకోబు దగ్గర మొదలుపెడితే సులువు.

జోసెఫస్ యూదు చరిత్రకారుడు, క్రైస్తవుడు కాదు. క్రీ.శ. 93-94 ప్రాంతంలో తన జాతి చరిత్రను 20 భాగాలుగా రాశాడు. చివరి భాగంలో ఈ సంగతి ఉంది. 62లో రోమా గవర్నర్ ఫేస్తు చనిపోయాడు. కొత్త గవర్నర్ ఇంకా దారిలోనే ఉన్నాడు. ఆ సందు చూసుకుని ప్రధాన యాజకుడు అననస్ సభ పెట్టి, క్రీస్తు అని పిలవబడే యేసు సహోదరుడు యాకోబుని, ఇంకొంతమందిని ధర్మశాస్త్రం మీరారని రాళ్ళతో కొట్టించాడు. అయితే ధర్మశాస్త్రం గట్టిగా పాటించే యూదులే ఇది తప్పని అగ్రిప్ప రాజుకు చెప్పుకున్నారు. మూడు నెలలకే అననస్ పదవి ఊడింది.

జోసెఫస్ పుస్తకంలోనే ఇంకోచోట యేసును పొగిడే మాటలున్నాయి. వాటిని తర్వాత క్రైస్తవులు చేర్చారని ఎక్కువమంది పండితులు అంటారు. యాకోబు సంగతిలో పొగడ్త లేదు, అందుకే దాని మీద నమ్మకం ఎక్కువ.

రెండో సాక్షి పౌలు. ఈయనా యూదుడే, బెన్యామీను గోత్రం, పరిసయ్యుడు. గలతీయులకు రాసిన ఉత్తరంలో యెరూషలేములో కేఫా దగ్గర 15 రోజులు ఉన్నానని, యాకోబునూ చూశానని చెప్తాడు. కేఫా అంటే అరామిక్ భాషలో బండ. మనం పేతురు అంటాం. యాకోబు దగ్గర్నుంచి మనుషులు వచ్చాక, యూదులు కానివాళ్ళతో కలిసి తినడం పేతురు మానేశాడట. దానికి అందరి ముందే నిలదీశానని రాశాడు పౌలు. కట్టుకథ అయితే ఇలాంటి ఇంటి గొడవ ఎందుకు రాసుకుంటారు?

మహిమల్ని చరిత్ర రుజువు చేయలేదు. కానీ యేసు సహోదరుడిని కళ్ళారా చూసిన మనిషి ఉత్తరం మన దగ్గర ఉంది. వీళ్ళెవరూ తెల్లోళ్ళు కాదు, రోమా పాలన కింద నలిగిన పశ్చిమాసియా యూదులు.

"యూదులే యేసును చంపారు" అనేవాళ్ళూ ఉన్నారు. సిలువ శిక్ష వేసింది రోమా అధికారి పిలాతు. యేసు తల్లి, శిష్యులు అందరూ యూదులే. ఆ ఒక్క మాటతో యూరప్‌లో వందల ఏళ్ళు యూదుల్ని తరిమారు, చంపారు. బ్రిటిష్ వాళ్ళు ఎరుకల, సుగాలి వాళ్ళకు పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేశారు. ఆ ముద్ర ఎట్లా ఉంటుందో తెలిసిన మనం ఇంకో జాతి మీద వేయొద్దు.