అల్గోల్ తీర్పు, ఉస్మాన్‌గంజ్ కాంటా

ఉస్మాన్‌గంజ్‌లో వ్యాపారి ధర చెప్పే ముందు బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు గింజలు తీస్తాడు. అరచేతిలో పరిచి ఊదుతాడు, ఒకటి పంటికింద వేసి కొరుకుతాడు. తేమ ఎంతో, సరుకు పాతదో కొత్తదో ఆ చప్పుడే చెప్తుంది. పక్కన హమాలీ ఇనుప కొక్కెం గోనెకు తగిలించి సిద్ధంగా ఉంటాడు. తెలంగాణలో గంజ్ అంటే ధాన్యం బజారు. ఏడో నిజాం పేరు మోస్తున్న ఈ గంజ్ హైదరాబాదులో మూసీకి ఉత్తరపు ఒడ్డున, అఫ్జల్‌గంజ్, బేగంబజార్ల సరసన ఉంది. అంతర్జాతీయ అభివృద్ధి విధానాల మీద పౌర సంఘాల కూటములు చేసిన పనిని పరిశీలించే వ్యాసాన్ని ఈ బజారు కాంటా దగ్గర మొదలుపెట్టడానికి కారణముంది. ఏ గింజ పండాలి, ఎవరు తూచాలి, ఎవరు తినాలి అన్న మూడు ప్రశ్నల చుట్టూనే ఆ కూటముల పోరాటం తిరిగింది.

1999 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విజన్ 2020 పత్రాన్ని విడుదల చేసింది. దాని తయారీలో మెకిన్సీ అనే సలహా సంస్థ పాలు పంచుకుంది. అప్పటికే ప్రపంచ బ్యాంకు రుణంతో ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాయి. బ్రిటన్ ప్రభుత్వ అభివృద్ధి శాఖ డిఎఫ్ఐడి రాష్ట్రానికి పెద్ద ఎత్తున గ్రాంట్లు ఇస్తుండేది. యంత్రసాగు, కాంట్రాక్టు సేద్యం, జన్యుమార్పిడి విత్తనాలు రావాలి, సాగు మీద బతికేవాళ్లు జనాభాలో 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గాలి: వ్యవసాయం విషయంలో ఆ దార్శనికతను విమర్శకులు చదువుకున్న తీరు ఇది. పొలం వదిలిన ఆ జనం ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సినవాళ్లు హైదరాబాదులోనే కాదు, లండన్‌లోనూ ఉన్నారు. రాష్ట్రంలో నూటికి పైగా స్వచ్ఛంద సంస్థలతో ఏర్పడ్డ ఆంధ్రప్రదేశ్ వైవిధ్య పరిరక్షణ కూటమి, బ్రిటన్‌లోని ఐఐఈడి, సస్సెక్స్‌లోని ఐడిఎస్ అనే సంస్థల పరిశోధకులతో చేతులు కలపడానికి ప్రేరణ అక్కడే ఉంది.

2001 జూన్ చివరి వారంలో అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గర అల్గోల్‌లో ‘ప్రజాతీర్పు’ జరిగింది. జ్యూరీలో సన్నకారు, చిన్నకారు రైతులు, చిరువ్యాపారులు, ఆహార పదార్థాలు తయారుచేసేవాళ్లు, వినియోగదారులు కూర్చున్నారు. ఎక్కువమంది దళితులు, ఆదివాసులు. మూడింట రెండు వంతులకు మించి ఆడవాళ్లు. వాళ్ల ముందు మూడు దారులు పెట్టారు: విజన్ 2020, ఎగుమతి కోసం చేసే సేంద్రియ సేద్యం, ఊరి అవసరాలకు ఊరే పండించుకునే స్వావలంబన. ప్రభుత్వం తరఫువాళ్లు, కంపెనీల వాళ్లు, శాస్త్రవేత్తలు వచ్చి సాక్ష్యం చెప్పారు, అడ్డు ప్రశ్నలు ఎదుర్కొన్నారు. మూడింట్లో ఒకదాన్ని ఎంచుకోక తప్పదన్న నిబంధన లేదు. తమ దారి తామే గీసుకోవచ్చు. జ్యూరీ చివరికి వనరుల మీద ఊరి అదుపు, నేల సారం, వైవిధ్యమున్న పంటలు, మన తెలివి కావాలంది. జన్యుమార్పిడి పంటలు, కూలీల పొట్టకొట్టే యంత్రాలు, కాంట్రాక్టు సేద్యం, సాగు నుంచి జనాన్ని తగ్గించే లెక్క వద్దంది.

ఈ పద్ధతిలోని కొత్తదనాన్ని తక్కువ చేసి చూడకూడదని నా అభిప్రాయం. పేదల తరఫున మాట్లాడే కూటములు చాలా ఉన్నాయి. అల్గోల్ కూటమి తాను మాట్లాడడం మానుకుంది. సాక్షులను పిలిచే బాధ్యత తీసుకుని, తీర్పు చెప్పే అధికారాన్ని జ్యూరీకి వదిలేసింది. తీర్పు 2002 మార్చిలో లండన్ పార్లమెంటు భవనంలో చర్చకు రాగానే డిఎఫ్ఐడి అభ్యంతరం చెప్పింది. ఇంత చిన్న జ్యూరీ రాష్ట్రమంతటికీ ప్రతినిధి ఎలా అవుతుందని అడిగింది. అడగదగిన ప్రశ్నే. కానీ ఆ కొలబద్ద విజన్ పత్రానికీ వర్తించాలి కదా. దాన్ని రాసిన సలహాదారులను ఏ ఊరూ ఎన్నుకోలేదు.

సరిగ్గా అదే నెలలో ఢిల్లీలో జన్యు ఇంజినీరింగ్ ఆమోద కమిటీ బీటీ పత్తి సాగుకు అనుమతి ఇచ్చింది. అల్గోల్ వద్దన్న పంట కొద్ది నెలల్లోనే వరంగల్ చెలకల్లోకి వచ్చింది. కూటమి ధర్నాలతో ఆగిపోలేదు. అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సఖరి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పంటకాలమంతా వరంగల్ రైతుల వెంట ఉండి ఖర్చులు, దిగుబడులు రాసుకున్నారు. జహీరాబాద్ ప్రాంతంలో పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు కెమెరా పట్టుకుని ఆ రైతుల మాటలు తీశారు. 2005 మేలో మెక్-12, మెక్-162, మెక్-184 అనే బీటీ పత్తి రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. ఇందులో కూటమి పాలు ఎంతో తూకం వేసి చెప్పలేం. రైతుల నష్టం, విత్తన కంపెనీని పరిహారం అడిగిన రాష్ట్ర ప్రభుత్వ ఒత్తిడి కూడా అందులో ఉన్నాయి. పత్తి మీద ఆ విజయం ఎక్కువ కాలం నిలవలేదు కూడా. వేరే బీటీ రకాలు తెలంగాణ నల్లరేగళ్లను నింపేశాయి.

గింజ సంగతి వేరు. 1990ల నడుమే జహీరాబాద్ పల్లెల్లో బీళ్లు దున్ని, పండిన జొన్నలను ఊళ్లోనే నిల్వ చేసి, పేదలకు చౌకగా అమ్మిన ప్రత్యామ్నాయ రేషన్ నడిచింది. ఆ ఇళ్లలో విత్తనాన్ని మట్టి పూసిన గంపల్లో, బూడిద, వేపాకు కలిపి దాస్తారు. ఆ అనుభవమే పునాదిగా మిల్లెట్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా దేశమంతా చిరుధాన్యాల కోసం గొంతెత్తింది. 2013 జాతీయ ఆహార భద్రత చట్టంలో బియ్యం కిలో 3 రూపాయలు, గోధుమ 2, చిరుధాన్యాలు కూడా చేరే ముతక ధాన్యం 1 రూపాయి అని రాశారు. 2019లో జహీరాబాద్ సంఘాలకు ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి దక్కింది. భారత్ ప్రతిపాదించగా 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా సమితి జరిపింది. ఆ ఏడు మార్చిలోనే సొసైటీ సారథి పి.వి. సతీష్ కన్నుమూశారు.

చట్టంలో 1 రూపాయి రాసి ఇన్నేళ్లయినా మా రేషన్ దుకాణం కాంటా మీదికి వచ్చేది బియ్యమే. కొర్రలు, సామలు, అండుకొర్రలు ఊదిన పాలిథిన్ సంచుల్లో ‘మిల్లెట్స్’ అన్న కొత్త పేరుతో, బియ్యం కన్నా ఎక్కువ ధరకు వస్తున్నాయి. కొనేది షుగరు ఉందని డాక్టరు చెప్పగా వచ్చిన పట్నంవాళ్లు. గింజ గెలిచింది. గింజ మీద ఊరి అదుపు అన్న తీర్పులోని మాట మాత్రం పొట్టు తీసే మిల్లు దగ్గర, లారీ కిరాయి దగ్గర, కమీషన్ దగ్గర నలుగుతోంది. పొట్టు తీయడం కొర్రలకు కష్టమైన పని. ఆ మిల్లు ఎవరిదైతే ధర వాళ్లది. కూటముల మీద వచ్చిన రచనలు అల్గోల్ నుంచి నేరుగా లండన్‌కు ఎగురుతాయి, నడుమ ఈ బజారును దాటేస్తాయి. అల్గోల్ జ్యూరీలో చిరువ్యాపారులకు చోటివ్వడం వల్ల నాకీ ఆలోచన కలిగింది. కొర్రల బస్తా చెలక నుంచి కొనేవాడి సంచిలోకి చేరేలోపు ఎన్ని చేతులు మారుతుందో, ఏ చేతిలో ఎంత మిగులుతుందో ఉస్మాన్‌గంజ్ లాంటి బజార్ల చిట్టాపుస్తకాల్లో దొరకాలి. ఈ పరిశోధనలో నా తరువాయి పని ఆ పుస్తకాలు చదవడం.