కరవునాటి కృతజ్ఞత



కృతజ్ఞత యనగా ఒరులు తనకు చేసిన మేలు నెఱుగుట. మేలు పొందుట సులభము. దానిని మేలుగా నెఱుగుట కష్టము. తెలుగు క్రైస్తవ సంఘములలో కోతపండుగ యను నాచారము కలదు. పంట యింటికి వచ్చినపుడు రైతు క్రొత్త ధాన్యమును, కూరగాయలను దేవుని సన్నిధికి గొనివచ్చి యర్పించును. మా చర్లపల్లి వంటి చోట్ల చేలు పోయి కార్ఖానాలు వెలసినవి కావున, పొలము లేనివారు తమ సంపాదనలో కొంత తీసి యిత్తురు. గాదె నిండినపుడు స్తుతించుట వింత కాదు. గాదె వట్టిపోయిననాడు మానవుడు దేవుని నమ్మకమును, ప్రేమను ఏమని కొనియాడగలడు? ఈ ప్రశ్నకు ఒంగోలు చరిత్రలో నొక యుత్తరము కలదు.

అమెరికా బాప్టిస్టు సంఘమువారి తెలుగు మిషను 1836లో ఆరంభమై, 1840లో నెల్లూరు చేరెను. ఏండ్లు గడచినను సంఘమున చేరినవారు మిక్కిలి కొలదిమంది. ఆ మిషనును మూసివేయుదమను మాట అమెరికాలో పలుమారులు పుట్టెను. 1853లో ఆల్బనీ నగరమున జరిగిన సభ నాట నుండి, పటములో ఒంటిగా నిలిచిన దగుటచే దానికి ‘ఒంటరి నక్షత్ర’ మను పేరు కలిగెను. 1854 జనవరి 1వ తేదీ వేకువను జ్యూయెట్ దొరగారు, వారి భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండ నెక్కి, ఆ యూరికి బోధకుని పంపుమని ప్రార్థించిరి. దానిని నేటికిని ప్రార్థనకొండ యందురు. పండ్రెండేండ్ల పిమ్మట, 1866లో, జాన్ క్లౌ దొరగారు అచ్చట కాపురమునకు వచ్చిరి. 1867 జనవరి 1న ఎనమండుగురితో సంఘ మేర్పడెను. మాదిగ కులమున పుట్టి, గురువుల నాశ్రయించి యోగము నభ్యసించిన యెర్రగుంట్ల పేరయ్య తాను నమ్మిన సువార్తను తనవారికి పల్లెపల్లెను తిరిగి చెప్పెను.

అంతలో 1876లో వానలు తప్పినవి. 1878 వఱకు సాగిన ఆ మహాక్షామమున దక్షిణదేశమందు లక్షలకొలది జనులు మరణించిరి. దొరతనమువారు కరవుపనిగా బకింగుహాము కాలువను త్రవ్వించుచుండిరి. భూమి కొలుచు విద్య నెఱిగిన క్లౌ దొరగారు దానిలో మూడున్నర మైళ్ళు గుత్తకు తీసికొని, వేలకొలది పేదలకు పని కల్పించి కూలి యిచ్చిరి. సంఘబోధకులే మేస్త్రీలై వారిని కనిపెట్టిరి. అలసినవారు కూర్చున్నపుడు బోధకులు వారితో దేవుని మాటలు చెప్పుచుండిరి.

ఇచ్చట నొక ధర్మసంకటము కలిగెను. బాప్తిస్మ మిమ్మని జనులు గుంపులుగా వచ్చిరి. ఇచ్చినచో ‘కూటికై మతము మార్చిరి’ అను నపవాదు తప్పదు; అది కొందరి విషయమున నిజము కావచ్చును కూడ. కావున ఏడాదికి పైగా క్లౌ దొరగారు బాప్తిస్మము నిలిపివేసిరి. అన్నము మాత్ర మాపలేదు. అన్నమునకు విశ్వాసమును వెలగా అడుగలేదు.

1878లో కరవుసాయము ముగిసెను. ఇక నిచ్చుటకు ధనము లేదని స్పష్టముగా చెప్పినను జనులు మరలిపోలేదు. కాలువపనిలో బొబ్బలెక్కిన చేతులు చూపి, తాము కష్టపడి బ్రతుకగలమనియు, తమకు ధనము వలదనియు చెప్పిరి. జూలై 2, 3, 4 తేదీలలో గుండ్లకమ్మ యేటియొద్ద, వెల్లంపల్లిలో, వరుసగా 614, 2,222, 700 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు బోధకులు ఇరువురు చొప్పున వంతులు మార్చుకొని ఆ కార్యము నడిపిరి.

ఆ కరవున మరణించినవారి మాట యేమని మీరడుగవచ్చును. దేవుడు వారిని మఱచెనా? ఈ ప్రశ్నను సంఖ్యలతో కప్పివేయరాదు. బ్రతికినవారికి బువ్వ దొరకినదని చెప్పుట, పోయినవారి కన్నీటికి సమాధానము కాదు. అయినను క్రైస్తవభక్తి దేవుని ప్రేమను గాదె కొలతతో కొలువదు; ఆకటిలో విడువక తోడుండుటనే దేవుని నమ్మకమని చెప్పును. ఆ పేదలు పొందిన తోడు మానవుల చేతులద్వారా వచ్చెను. వారు మాత్రము ఆ చేతుల వెనుక నున్న ప్రేమను గుర్తించి స్తుతించిరి. నిర్బంధింపబడిన స్తుతి ఋణము తీర్చుట; అడుగకయే వచ్చినది కృతజ్ఞత.

కావున గ్రామపెద్దలగు మీకు నా మనవి యొక్కటి. మీ వాకిటికి ఆకలిగొన్నవాడు వచ్చినపుడు ఆతని కులము, మతము, రేపటి విధేయత అడుగక పెట్టుడు. పెట్టిన పిదప దానిని ఎత్తిపొడువకుడు. దేవుని ప్రేమకు కృతజ్ఞుడనని చెప్పుకొను ప్రతివాడు ఆ ప్రేమను తాను పొందినట్లే, వెల యడుగక, ఇతరులకు పంచవలెను. నోటితో చేయు స్తుతి అప్పుడే పూర్తియగును.