గట్టి గొంతునే ముందు విను

చింతామణి టమోటా మార్కెట్. కాళ్ల కింద చితికిన పళ్లు జారుతున్నాయి. పదిహేను కిలోల బాక్సు అంచు నీ మోచేతిని గీరుతోంది. పక్కనే హరాజు. చెవికి ఫోను. బాగేపల్లి దారిలో చెరువు కట్ట మీద లోడుతో నిలబడిపోయిన మామ ఏదో అడుగుతున్నాడు. మాట తెగిపోతోంది.

ఇక్కణ్నుంచి వినిపించదు. టవరెక్కు. దాని రిసీవర్ నువ్వే అనుకో.

ఇది 3జీ వాడే సీడీఎంఏ పద్ధతి. అందరూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఒకేసారి మాట్లాడతారు, ఎవరి కోడ్ వాళ్లది. కోడ్‌ను బట్టే మనిషిని పట్టుకోవాలి. కానీ టవర్ కిందున్న మండీ ఫోను నీ చెవిలో అరుస్తోంది. మామ ఎక్కడో ఉన్నాడు. దూరం పదింతలైతే బలం నూరో వంతుకు పడిపోతుంది. చెట్లూ గోడలూ అడ్డొస్తే ఇంకా తక్కువ.

మండీ ఫోనును తగ్గమను. 3జీలో సెకనుకు 1500 సార్లు అలా చెప్పొచ్చు. తగ్గింది. అంతలో చిక్కబళ్లాపురం బస్సు మామకు అడ్డొచ్చింది. ఆయన మళ్లీ మునిగిపోయాడు.

మిగతావాళ్లంతా ఉత్త రొద అనుకుని వదిలేద్దామా? చాలాకాలం అలాగే చేశారు. అది రొద కాదు, వాళ్లవీ మాటలే. అందరి మాటలూ కలిపి ఒకేసారి తేల్చితే ఎంత బాగా వినొచ్చో 1986లో సెర్జియో వెర్డూ అనే పరిశోధకుడు లెక్కగట్టి చూపించాడు. చెయ్యి మరి. ఒక్కొక్కరి బిట్ సున్నానో ఒకటో. పదిమందికి 1,024 కలయికలు. ఇరవైమందికి 10,48,576. అన్నీ సరిచూసి, వెంటనే తర్వాతి బిట్‌కు మళ్లీ మొదలు.

అంత టైము లేదు. హరాజు మామ వరస దగ్గరికి వచ్చేస్తోంది.

గట్టి గొంతునే పట్టుకో. చెవి మూసుకోకు. పూర్తిగా విను. అతని బిట్ ఏదో తేల్చు. అదే అలను మళ్లీ తయారుచెయ్యి. వచ్చినదాంట్లోంచి తీసెయ్యి.

జాగ్రత్త. ఒకటిని సున్నా అనుకున్నావో, పోవాల్సిన రొద రెట్టింపవుతుంది. మామ మాట పూర్తిగా పోతుంది.

ఒకటా? సున్నానా?

ఒకటి.

తీసెయ్యి.

తర్వాతి గట్టి గొంతు. తేల్చు. తీసెయ్యి.

ఇంకొకటి. తీసెయ్యి.

అడుగున సన్నగా, ఆయాసంగా ఒక గొంతు.

"...అల్లుడా, లోడు తెమ్మంటావా, వద్దా?"

"తీసుకురా మామా! బిరీన రా!"