ఆంగ్లకవి చాసరు



ఆంగ్లకవి యనగానే మనకు షేక్స్పియరు స్ఫురించును. ఆయనకు సుమారు రెండువందల యేండ్లకు పూర్వము లండను నగరమున జెఫ్రీ చాసరు అను కవి యుండెను. ద్రాక్షసారా వర్తకుని కుమారుడు. 1340 ప్రాంతమున జన్మించెను.

ఆ కాలమున ఇంగ్లాండు రాజాస్థానమున ఫ్రెంచిభాషకును, పండితులలో లాటినునకును గౌరవము. ఇంగ్లీషు పొలములలోను సంతలలోను వినబడు భాష. న్యాయస్థానములందు వాదములు ఇంగ్లీషున జరుగవలెనని 1362లో శాసనము చేసిరి. ఆ శాసనమును సైతము ఫ్రెంచిలోనే వ్రాసిరి!

చాసరునకు కవిత్వము జీవనోపాధి కాదు. యౌవనమున ఫ్రాన్సు యుద్ధములో శత్రువులకు చిక్కగా, 1360లో రాజు 16 పౌనులిచ్చి విడుదలకు తోడ్పడెను. 1374 మొదలు పండ్రెండేండ్లు లండను రేవున ఉన్నిసుంకపు లెక్కలు చూచెను. లెక్కలు స్వహస్తముతోనే వ్రాయవలెనని నియమము. రాజకార్యములపై ఇటలీకి పోయివచ్చెను; అచ్చటి కవుల ప్రభావము అతని రచనలలో స్పష్టముగా గన్పట్టును.

అతని కీర్తికి మూలము ‘కాంటర్బరీ కథలు’. టామస్ బెకెట్ అను మహాత్ముని సమాధిని దర్శింపబోవు యాత్రికులు దాదాపు ముప్పదిమంది సదర్కులోని సత్రమున గలిసికొని, దారిలో కథలు చెప్పుకొందురు. యోధుడు గంభీరమైన కథ ముగించెనో లేదో, త్రాగియున్న పిండిమరవాడు అడ్డుపడి మోటుకథ నెత్తుకొనును. ఎవరి నోట వారి మాటయే! అందు కొన్ని పిల్లలకు వినిపింపదగినవి కావు; ఆ సంగతి దాచను. పాపక్షమాపత్రము లమ్ముకొను ధనాశాపరుడు ధనాశ తగదని ఉపన్యసించుట మాత్రము మిక్కిలి రసవత్తరము. బంగారము దొరకిన మువ్వురు ఒకరినొకరు చంపుకొనుట వాని కథ. మన బౌద్ధులలో వేదబ్భజాతకమున నిట్టి కథయే కలదు. గ్రంథము ముగియకుండగనే, 1400లో కవి మరణించెను.

ఉపాధ్యాయవృత్తిలో నుండిన నాకు అతని మఱియొక చిన్న పుస్తకముపై మక్కువ. లూయిస్ అను పదేండ్ల కుమారునికి, సూర్యనక్షత్రముల యున్నతిని గొలిచి వేళను గుర్తించు యంత్రమును నేర్పదలచెను. ఆ శాస్త్రమంతయు లాటినున నున్నది. బాలునకు లాటిను అంతగా రాదు. భాష వచ్చువఱకు వాని నాగుమనలేదు. 1391 ప్రాంతమున తేటయైన ఇంగ్లీషు వచనమున, చెప్పినమాటనే మరల చెప్పుచు, ఉదాహరణములతో వ్రాయసాగెను. అయిదు భాగములుగా వ్రాయదలచినాడు. రెండు మాత్రమే మనకు దక్కినవి.