సుత్తి నుండి మేకుల తుపాకి వరకు

మానవుడు చేతబట్టిన పనిముట్లలో సుత్తి మిక్కిలి ప్రాచీనమైనది. ఆఫ్రికాఖండమున కెన్యాదేశమునందలి లొమెక్వి అను చోట దొరకిన రాతి పనిముట్లు సుమారు 33 లక్షల సంవత్సరముల క్రిందటివని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఒక రాతితో మరియొక రాతిని కొట్టి, పెచ్చులు లేపి, వాడియైన అంచులను సంపాదించుట నాటివారి విద్య. కొట్టుటకు వాడిన ఆ గుండ్రాయియే నేటి సుత్తికి మూలపురుషుడు. రాయి రాయిని తాకినపుడు పెచ్చు ఏ వైపునకు ఎగురునో కొట్టువాని కెప్పుడును పూర్తిగా తెలియదు. కావున సుత్తితోపాటే సుత్తి ప్రమాదము కూడ పుట్టినదని చెప్పవచ్చును.

మేకు కొట్టబోయి బొటనవ్రేలు నలుగగొట్టుకొనని వడ్రంగి అరుదు. అట్టి సమయమున “చూచి కొట్టరాదా?” అని పనివానిని మందలించుట లోకరీతి. జాగ్రత్త అవసరమే, అందు సందేహము లేదు. కాని అంతటితో విచారణ ముగించినచో మరునాడు మరియొకని వ్రేలు నలుగును. దెబ్బకు కారణమును పనివానియందే గాక పనిముట్టునందును వెదకినపుడు ప్రమాదములు ఎట్లు తగ్గినవో సుత్తి చరిత్రయు, దాని వారసురాలైన మేకుల తుపాకి చరిత్రయు చక్కగా తెలుపుచున్నవి.

దెబ్బలోని బలము

ముందుగా సుత్తి దెబ్బలో ఎంత బలమున్నదో లెక్క కట్టుదము. సుత్తి తల ద్రవ్యరాశి అర కిలోగ్రాము, అది మేకును తాకునప్పటి వేగము సెకనుకు 8 మీటర్లు అనుకొందము. ద్రవ్యరాశిలో సగమును వేగవర్గముచే గుణించగా గతిజశక్తి 16 జౌళ్లు వచ్చును. ఈ దెబ్బకు మేకు 5 మిల్లీమీటర్లు దిగినచో, 16 జౌళ్ల శక్తియంతయు ఆ స్వల్పదూరమునందే వ్యయమైనది. శక్తిని దూరముచే భాగించగా సగటు బలము 3,200 న్యూటన్లు. ఇది సుమారు 326 కిలోగ్రాముల బరువుతో సమానము. నలుగురైదుగురు మనుష్యులు ఒక్కసారిగా ఆ మేకు తలపై నిలుచున్నట్లు!

చేతికి అలసట లేకుండ ఇంత బలము వచ్చుటయే సుత్తి గొప్పతనము. పనివాడు తన చేతిబలమును ఒక అడుగు, రెండడుగుల దూరము మెల్లగా వెచ్చించి సుత్తికి వేగము నిచ్చును. సుత్తి ఆ శక్తిని నూలుపోగంత దూరములో ఒక్కసారిగా వదలును. పిడి ఎంత పొడవైనచో తల వేగము అంత హెచ్చును. అయితే మేకు తలకును బొటనవ్రేలికిని సుత్తికి భేదము తెలియదు. గురి ఒక అంగుళము తప్పినచో మేకునకు చేరవలసిన శక్తి వ్రేలి ఎముకకు చేరును. సన్నని మేకును మొదట నిలుపునపుడు వ్రేళ్లతో పట్టుకొనుటకు మారుగా పట్టకారుతో గాని, అట్టముక్కకు గ్రుచ్చి గాని పట్టుకొనుమని అనుభవజ్ఞులు చెప్పుట ఇందువలననే.

మేకులు చౌకయగుట

పూర్వకాలమున మేకు అపురూపమైన వస్తువు. కమ్మరి ఒక్కొక్క మేకును కొలిమిలో కాల్చి, దాగలిపై సాగగొట్టి చేయవలసియుండెను. స్కాట్లండులోని ఇంచ్‌టుథిల్ అను చోట రోమను సైనికులు తమ కోటను విడిచిపోవునపుడు మేకులను గోతిలో పాతి, పైన మట్టి కప్పి వెళ్లిరి. 1960లో ఆ గోతిని త్రవ్వగా సుమారు 8,75,000 మేకులు బయల్పడినవి. వాని బరువు దాదాపు 10 టన్నులు. ఆ ఇనుము శత్రువులచేత పడి ఆయుధములు కాకుండుటకే వారట్లు చేసిరని చరిత్రకారుల అభిప్రాయము.

18వ శతాబ్దాంతమున ఇనుపరేకు నుండి మేకులను కోయు యంత్రములు అమెరికాలో వచ్చినవి. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఉక్కుతీగ నుండి మేకులు చేయు యంత్రములు వ్యాపించినవి. మేకు చౌక అయినది. చెక్కయిండ్ల నిర్మాణము వేగమైనది. ఒక్కొక్క పనివాడు దినమునకు కొట్టు దెబ్బల సంఖ్యయు పెరిగినది. దెబ్బలు పెరిగినకొలది తప్పిన దెబ్బలును పెరుగును గదా!

పని వలన కలుగు బాధలను వైద్యశాస్త్రము పట్టించుకొనుట ఆలస్యముగా ప్రారంభమైనది. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డీనో రమజ్జీని 1700లో వృత్తుల వలన వచ్చు వ్యాధులను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. రోగిని చూచు వైద్యుడు “నీవు చేయు పని యేమి?” అని కూడ అడుగవలెనని ఆయన బోధించెను. వెనిస్ నగరమున రాగిపాత్రలు చేయువారు దినమంతయు సుత్తి మ్రోతను వినుచు చెవుడు తెచ్చుకొనుటను ఆయన వర్ణించెను. రోగకారణమును రోగి దేహమునందే గాక అతని పనియందును వెదకుట ఒక గొప్ప మార్పు.

కంటిలోని తునక

వ్రేలు నలిగిన బాధ కొన్ని దినములకు మానును. సుత్తి వలన కలుగు అపాయములలో భయంకరమైనది కంటికి తగులు దెబ్బ. సుత్తి ముఖమును గట్టిపరచుటకై ఉక్కును ఎర్రగా కాల్చి చల్లార్చెదరు. ఉక్కు గట్టిపడినకొలది పెళుసుదనమును పొందును. మెత్తని మేకును కొట్టునపుడు మేకు వంగును గాని సుత్తికి హాని లేదు. కాని ఒక సుత్తిని మరియొక సుత్తితో కొట్టినపుడు, లేక గట్టిపరచిన ఉలిని, మోడుబారిన అంచు గల శానమును కొట్టినపుడు, ఆవగింజకన్న చిన్నదైన తునక విరిగి తుపాకిగుండువలె ఎగురును. అది కనుగ్రుడ్డును దూసికొని లోనికి పోవచ్చును. లొమెక్వి వద్ద రాతిపెచ్చు ఎగిరినట్లే ఇక్కడ ఉక్కుపెచ్చు ఎగురుచున్నది.

ఒక్కొక్కప్పుడు ఆ క్షణమున పెద్దనొప్పి ఉండదు. కన్నులో నలుసు పడినదని పనివాడు కన్ను కడుగుకొని ఊరకుండును. కాని లోపల చిక్కిన ఇనుము క్రమముగా త్రుప్పుపట్టి, నెలలు గడచునప్పటికి నేత్రపటలమును చెరచి చూపును హరించును.

ఈ తునకను బయటికి తీయుటెట్లు? ఇందుకు భౌతికశాస్త్రమే మార్గము చూపినది. స్విట్జర్లండులోని బెర్న్ నగరమున 1624లో ప్రసిద్ధ శస్త్రవైద్యుడగు ఫాబ్రిసియస్ హిల్డానస్ ఒక రోగి కంటిలోని లోహపు తునకను తీయలేకపోగా, ఆయన భార్య మేరీ కోలినే సూదంటురాయిని ఉపయోగించు ఉపాయము చెప్పెను. ఆయన కనురెప్పలను విప్పి పట్టుకొనగా, ఆమె రాతిని కంటికి చేరువగా ఉంచెను. తునక రాతికి అంటుకొని బయటికి వచ్చెను. ఈ ఉపాయము తన భార్యదేయని హిల్డానస్ తన వ్రాతలలో చెప్పుకొనెను.

రెండున్నర శతాబ్దముల తరువాత, 1879లో బెర్లిను నగరపు నేత్రవైద్యుడు జూలియస్ హిర్ష్‌బెర్గ్ విద్యుదయస్కాంతముతో కంటిలోపలి ఇనుపతునకను తీసెను. 1892లో జూరిక్ నగరమున ఆటో హాబ్ ఇంకను పెద్దదైన విద్యుదయస్కాంతమును ప్రవేశపెట్టెను. 1895లో రాంట్‌జెన్ ఎక్స్-కిరణములను కనుగొనిన పిమ్మట తునక ఎచ్చట నున్నదో చూచుట కూడ సాధ్యమైనది.

ఇందు ఒక విచిత్రము కలదు. ఒకప్పుడు కంటిని కాపాడిన అయస్కాంతమే నేడు అట్టి కంటికి శత్రువు కాగలదు. ఎం.ఆర్.ఐ. యంత్రములోని ప్రబలమైన అయస్కాంతక్షేత్రము కంటిలో మిగిలిన ఇనుపతునకను కదలించి గాయము చేయగలదు. కావుననే ఆ పరీక్షకు ముందు, ఎన్నడైన లోహపుపని చేసితిరా, కంటిలో తునక పడినదా అని ప్రశ్నింతురు. రమజ్జీని అడుగుమనిన ప్రశ్న మూడువందల సంవత్సరముల తరువాతను ప్రాణముతో నున్నది.

మేకుల తుపాకి

రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలో హోవర్డ్ హ్యూస్ అను ధనికుడు హెర్క్యులీజ్ అను మహావిమానమును చెక్కతో కట్టించెను. అది 1947 నవంబరు 2వ తేదీన ఒక్కసారి మాత్రమే ఎగిరినది. దాని నిర్మాణమున చెక్కపలకలను జిగురుతో అతికి, మేకులు కొట్టి బిగించి, తరువాత ఆ మేకులను ఊడదీసిరి. ఆ నిర్మాణమున పనిచేసిన మోరిస్ పైనూస్ మరి ఇద్దరితో కలిసి గాలితో పనిచేయు మేకుల తుపాకిని రూపొందించెను. 1950లో అది అంగడికి వచ్చినది. ఇండ్లకు చెక్కనేలలు పరచుటలో పనివాడు నిలువబడియే నిమిషమునకు 40 నుండి 60 మేకులు దింపగలిగెను.

దీని పని సులభముగనే గ్రహింపవచ్చును. అదిమిన గాలి గొట్టముద్వారా తుపాకిలోనికి వచ్చి నిలువయుండును. మీట నొక్కగనే గాలి పిస్టనును వేగముగా క్రిందికి త్రోయును. పిస్టనుకు తగిలించిన ఉక్కుకమ్మి మేకును ఒకే దెబ్బతో చెక్కలోనికి దింపును. గాలిలో మేకు ఎగిరిపోకుండుటకై తుపాకి కొనయందు ఒక కాపుదల ఏర్పాటున్నది. కొన చెక్కపై ఒత్తుకొనినప్పుడే మేకు వెలువడును. అనగా మేకు దిగుటకు రెండు పనులు జరుగవలెను: మీట నొక్కబడవలెను, కొన ఆనవలెను.

ఇంతవరకు బాగుగనే యున్నది. కాని ఈ రెండింటిలో ఏది ముందు, ఏది వెనుక అను ప్రశ్నయందే అపాయమంతయు దాగియున్నది.

మొదటి విధమైన తుపాకిలో వరుస నియమము లేదు. పనివాడు మీటను నొక్కియే ఉంచి, కొనను చెక్కపై తాటించుచు పోవచ్చును. తాటించినప్పుడెల్ల ఒక మేకు దిగును. పని వేగముగా జరుగును. కాని మేకు దిగినపుడు, న్యూటను మూడవ నియమము ననుసరించి, తుపాకి వెనుకకు ఎగురును. చేయి దానిని మరల ముందుకు నెట్టును. పనివాడు మీటను వదలులోపలనే కొన రెండవసారి తాకి, కోరని మేకు ఒకటి వెలువడును. కన్ను చూచి, మెదడు గ్రహించి, వ్రేలు కదలుటకు సెకనులో సుమారు అయిదవవంతు పట్టును. ఈ వ్యవధిలో “జాగ్రత్త” అను మాటకు చోటెక్కడిది? అట్లే మీటను నొక్కిపట్టి నడచువాని తొడకు గాని, ప్రక్కవాని మోకాలికి గాని కొన తగిలినచో అచ్చటను మేకు దిగును.

రెండవ విధమున వరుస తప్పనిసరి. ముందు కొన ఆనవలెను, తరువాత మీట నొక్కవలెను. రెండవ మేకునకు మీటను వదలి మరల నొక్కవలెను. ఇందువలన కోరని మేకు వెలువడుట చాలవరకు ఆగును.

2001 నుండి 2005 వరకు అమెరికా ఆసుపత్రుల అత్యవసర విభాగములకు మేకుల తుపాకి గాయములతో ఏటేట సగటున 37,000 మంది వచ్చిరి. అందు 14,800 మంది తమ ఇండ్లలో సొంతపనులు చేసికొన్నవారు. సెయింట్ లూయీ ప్రాంతమున ఇండ్లు కట్టు పని నేర్చుకొనుచున్న వడ్రంగులను డ్యూక్ విశ్వవిద్యాలయమునకు చెందిన హెస్టర్ లిప్స్‌కూంబ్, ఆమె సహచరులు పరిశీలించిరి. అప్రెంటిసులలో నాలుగు సంవత్సరములలో ప్రతి అయిదుగురిలో ఇద్దరు గాయపడిరని తెలిసినది. గాయములలో సగమునకు పైగా చేతికి, వ్రేళ్లకు తగిలినవే. వరుస నియమము లేని తుపాకితో గాయపడు అవకాశము రెండవదానికి ఇంచుమించు రెట్టింపు అని తేలినది. పని చేయువాడు అట్టి మనుష్యుడే, మేకు అదే, చెక్క అదే. మారినది రెండు చర్యల వరుస మాత్రమే.

“వరుస తప్పనిసరి చేసినచో పని నెమ్మదించును గదా” యని మేస్త్రీలు సందేహించుట సహజము. దీనికిని ప్రయోగముచేతనే సమాధానము చెప్పిరి. అనుభవజ్ఞులైన పదిమంది వడ్రంగులచే రెండు విధముల తుపాకులతోను ఒకే కొలతగల చిన్న చెక్కకట్టడములను కట్టించిరి. మేకులు కొట్టు కాలమున సుమారు నూటికి 10 వంతుల తేడా కనబడినది. కాని కోతలు, కొలతలు కలుపుకొని మొత్తము పనికాలమున ఆ తేడా నూటికి ఒకటికన్న తక్కువ. తుపాకి రకముకన్న పనివాని నేర్పే వేగమునకు ముఖ్యకారణమని తేలినది. పెద్ద మేకుల తుపాకులను వరుస నియమముగల మీటతోనే అమ్మవలెనను స్వచ్ఛంద ప్రమాణము 2003 నుండి అమెరికాలో అమలునకు వచ్చినది. అప్రెంటిసులలో గాయములు తగ్గుచున్నట్లు తరువాతి పరిశీలనలు తెలిపినవి.

తెలియవలసిన జాగ్రత్తలు

నేడు తెలుగు పట్టణములలో ప్లైవుడ్ పనిచేయు వడ్రంగుల చేతులలోను గాలి తుపాకి కనబడుచున్నది. కావున కొన్ని విషయములు అందరును తెలిసికొనదగినవి. చెక్కను పట్టుకొను చేయి మేకు దిగుచోటికి కనీసము 30 సెంటీమీటర్ల దూరమున ఉండవలెను. చెక్కలోని ముడి తగిలి మేకు దారి మళ్లి ప్రక్కకు రావచ్చును. చిక్కిన మేకును తీయుటకు ముందు గాలిగొట్టమును ఊడదీయవలెను. సుత్తి పనికైనను, తుపాకి పనికైనను కంటికి రక్షణ అద్దములు ధరింపవలెను. దేహములో లోతుగా దిగిన మేకును అక్కడనే పెరికివేయరాదు. రక్తస్రావము హెచ్చవచ్చును, మేకులను వరుసగా కూర్చిన తీగముక్కలు గాయమున చిక్కవచ్చును. దానిని కదలకుండ ఉంచి ఆసుపత్రికి పోవలెను. ధనుర్వాతము రాకుండ టీకా అవసరమేమో వైద్యుని అడుగవలెను. కంటిలో తునక పడిన అనుమానమున్నచో కన్ను నలుపరాదు.

ఈ చరిత్రను తరగతిలో చెప్పునపుడు ఉపాధ్యాయులు గతిజశక్తి, అయస్కాంతత్వము, న్యూటను నియమములు అను మూడు పాఠములకును దీనిని ఉదాహరణగా తీసికొనవచ్చును. అంతకన్న ముఖ్యమైనది నాలుగవ పాఠము. ఒకేవిధమైన గాయము పలువురికి కలుగుచున్నపుడు, వారందరును అజాగ్రత్తపరులని తీర్పు చెప్పుట సులభము. ఆ పనిముట్టును విప్పి చూచుట కష్టము. విజ్ఞానము రెండవ మార్గమున నడచినందువలననే ఎందరివో కన్నులు, వ్రేళ్లు దక్కినవి.