జీలుగు కల్లు - చిగురుపన్ను

సీతంపేట కొండలలో సవరలు, జాతాపులు జీలుగు చెట్టుకు కట్టు కుండను మీలో పెక్కురు చూచియే యుందురు. గెల కోసినచోట నూరు నీరు తొలుత తీయగా నుండును. మూతలేని కుండలో కొన్ని గంటలకే అది నురుగెత్తి పులిసి కల్లగును. అందెవ్వరును తోడు వేయరు. గాలినుండియు, పురుగులనుండియు, పాతకుండ గోడలనుండియు ఈస్టు అను సూక్ష్మజీవులు చేరి, తీపిని మద్యసారముగా మార్చును.

బెల్జియము దేశమున బ్రస్సెల్సు చెంత లాంబిక్ అను బీరును నిట్లే చేయుదురు. బార్లీ, గోధుమల కషాయమును చలికాలపు రాత్రి మూతలేని వెడల్పు తొట్టిలో చల్లార్తురు. పులియుట యీ జీవుల పనియేయని పాశ్చరు పండితుడు నిరూపించి, 1876లో బీరును గూర్చి గ్రంథము ప్రకటించెను.

మూడేండ్లకు, 1879లో, గోదావరి మన్యమున రంప తిరుగుబాటు లేచెను. తమ యింటికై కల్లు గీచుకొను వాడుకను సర్కారు మాన్పి, కల్లు రాబడిని గుత్తదారుల కిచ్చెను. రంప మున్సబుదారు చిగురుపన్ను పేర మన్యపువారిని పీడించెను. తిరుగుబాటు విశాఖపట్టణపు జిల్లాలోని గొలుగొండ కొండలకు ప్రాకి, 1880 దాక సాగెను. విజయనగరమును నాడు ఆ జిల్లాలోనిదే.

నేను కల్లును పొగడుట లేదు. త్రాగుడు కూల్చిన కొంపలను మీరును, నేనును చూచితిమి. అయినను గాలి పులియబెట్టిన కుండపై గుత్తదారునికి హక్కెట్లు కలిగెనని మన్యపువాడు వేసిన ప్రశ్న న్యాయమైనది. కొండవాని కుండను మందలింపబోవు ముందు ఆ ప్రశ్నను తలచుకొనుడని నా మనవి.